రాయి రూ.40, చప్టా రూ.214: పెరటి నేల లెక్క మధ్యలో ఎక్కడ పెరుగుతుంది?

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం పోయి 18 శాతం అయింది. దాంతో ఏళ్లుగా వాయిదా పడుతున్న ఇంటి పనులకు ఇదే అదను అనుకునేవాళ్లున్నారు. పెరట్లో చప్టా అలాంటి పనే. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము, బట్టలారేయడానికి వెళ్తే చెప్పులకు అంగుళం మందాన మట్టి. చేయిద్దామని అనుకోవడం తేలికే. ఎంతవుతుందని అడిగితేనే చిక్కు మొదలవుతుంది. రాళ్ల డిపోలో చదరపు అడుగు నలభై అంటారు. మేస్త్రి అన్నీ కలిపి నూట యాభై అంటాడు. పక్కింటాయన తనకు రెండొందలు దాటిందంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒకరు రాయి ధర చెప్పారు, ఒకరు రాయి పరిచే ధర చెప్పారు, ఒకరు పెరడు పూర్తయ్యాక జేబులోంచి పోయింది చెప్పారు.

ముందు ఆ జీఎస్టీ సంగతి తేల్చేద్దాం. పన్ను లేకుండా బస్తా రూ.250 అనుకుంటే పాత పన్నుతో రూ.320, కొత్త పన్నుతో రూ.295. బస్తాకు 25 రూపాయలు మిగులు. 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న పెరటికి, అంటే 300 చదరపు అడుగులకు, రాతి చప్టా వేస్తే కింది కాంక్రీటుకీ పైన మాలుకీ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపి సుమారు 17 బస్తాలు పడతాయి. మిగిలేది రూ.425. పనివాళ్ల టీ, టిఫిన్లకు సరిపోతుందేమో. పెరటి ఖర్చులో సిమెంటు వాటా చిన్నది, అందుకే ఈ తగ్గింపు ఇక్కడ పెద్దగా కనపడదు.

మరి పెద్ద వాటా దేనిది? మనకు కంటికి కనపడే రాయిది మాత్రం కాదు.

## రాయి కింద ఉండే నాలుగు పొరలు

బండలు పరిచిన పెరడును నిలువుగా కోసి చూస్తే, కింది నుంచి పైకి ఇలా ఉంటుంది. అడుగున అసలు నేల. దాని మీద నీళ్లు చల్లి, దిమ్మిసతోనో రోలర్‌తోనో గట్టి చేసిన గ్రావెల్. తెలంగాణలో దీన్నే మొరం అంటారు. ఇది గట్టిపడ్డాక 4 అంగుళాలు ఉండాలి. ఆ పైన 3 అంగుళాల పీసీసీ, అంటే ఇనుము లేని, సిమెంటు పాలు తక్కువున్న కాంక్రీటు. సిమెంటు ఒక పాలు, ఇసుక 4, కంకర 8. దాని మీద అంగుళంన్నర మాలు. మాలు మీద అంగుళం పైచిలుకు మందం రాయి. మొత్తం కలిపితే దాదాపు 9 అంగుళాల ముప్పావు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఉన్న నేల మీదే ఇవన్నీ వేసుకుంటూ పోతే పెరడు ముప్పావు అడుగు పైకి లేస్తుంది. వెనక తలుపు గడప ఉన్న నేలకు ఆరు అంగుళాల ఎత్తులోనే ఉంటే పెరడు ఇంటి కంటే ఎత్తయిపోతుంది. మొదటి పెద్ద వానకే నీళ్లు వంటింట్లోకి వస్తాయి. కాబట్టి ముందు ఎనిమిది అంగుళాలు తవ్వి మట్టి బయటకు తోలాలి. అప్పుడు చప్టా పాత నేల కంటే రెండంగుళాల లోపే లేస్తుంది. మేస్త్రి చెప్పిన నూట యాభైలో సాధారణంగా ఉండనిది ఈ తవ్వకమే.

తవ్విన మట్టి ఎంతో చూడండి. 300 చదరపు అడుగుల్లో 8 అంగుళాల లోతంటే 200 ఘనపుటడుగులు. గట్టిగా ఉన్న మట్టి తవ్వగానే వదులై నాలుగో వంతు ఉబ్బుతుంది, 250 అవుతుంది. ట్రాక్టర్ ట్రాలీలో సుమారు వంద పడుతుంది. అంటే మూడు ట్రాలీలు. పెరటికి ట్రాక్టర్ వెళ్లే దారి ఉంటే సరే. మూడడుగుల సందు గుండా తట్టల్లో మోసుకు రావాలంటే ఆ కూలీ రాయి ధరతో పోటీ పడుతుంది. గ్రావెల్, ఇసుక, కంకర లోపలికి వెళ్లాల్సిందీ ఆ సందులోంచే. ఒకే ఊళ్లో, ఒకే రాయికి రెండిళ్ల ఖర్చు వేరుగా రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

## రాయి కొనక ముందే అడుగుకు రూ.109

ఇక లెక్క వేద్దాం. ఇక్కడ పెట్టిన ధరలు లెక్క తీరు చూపడానికి అనుకున్నవి. ఊరిని బట్టి, క్వారీ దూరాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ దగ్గరి ధర అక్కడ పెట్టుకోవచ్చు. పరిమాణాలు మాత్రం ఎక్కడైనా ఇంతే.

తవ్వకం, మట్టి తోలకం కలిపి రూ.9,000. గ్రావెల్ గట్టిపడ్డాక వంద ఘనపుటడుగులు ఉండాలంటే వదులుగా 130 తేవాలి. ఘనపుటడుగు రూ.25 చొప్పున రూ.3,250, పరిచి దిమ్మిస కొట్టినందుకు రూ.3,000. పీసీసీకి సిమెంటు 8 బస్తాలు (బస్తా రూ.300 వేసుకుందాం), ఇసుక 36 ఘనపుటడుగులు (రూ.60), కంకర 71 (రూ.40), కూలీ రూ.4,000, మొత్తం రూ.11,400. సెప్టిక్ ట్యాంకు మూత, డ్రైనేజీ చాంబర్లు కొత్త మట్టానికి లేపడం, వాన నీటి పైపు వేయడం రూ.6,000.

కూడితే రూ.32,650. అడుగుకు సుమారు రూ.109. ఇంకా ఒక్క రాయి కూడా కొనలేదు.

ఇప్పుడు దాని మీద అడుగు నలభై పెట్టి తాండూరు రాయి వేద్దాం. కోతలో, విరుగుడులో 7 శాతం పోతుందనుకుంటే 321 అడుగులు కొనాలి: రూ.12,840. లారీ బాడుగ, దింపుడు కూలీ రూ.3,000. మాలుకీ, రాళ్ల అడుగున పోసే సిమెంటు పాలకీ, సందులు నింపడానికీ కలిపి 9 బస్తాలు రూ.2,700. ఇసుక 43 ఘనపుటడుగులు రూ.2,580. పరిచే కూలీ అడుగుకు 35 చొప్పున రూ.10,500. ఈ పై భాగం రూ.31,620. అడుగున వేసిందీ దీనితో కలిపితే రూ.64,270. అడుగు రూ.214.

అంటే డిపోలో విన్న నలభై, మొత్తం ఖర్చులో అయిదో వంతు. అందుకే రాయి మీద అయిదు రూపాయలు బేరమాడి తగ్గించుకుంటే 300 అడుగులకు రూ.1,600 మిగులుతుంది. అదే రోజు లోపల ఎంత మందం గ్రావెల్ పడిందో చూడకుండా వదిలేస్తే పోయేది దానికి ఎన్నో రెట్లు. బేరం అలవాటు మంచిదే, కాకపోతే మన వాళ్లు దాన్ని తప్పు చోట ఖర్చు పెడుతుంటారు.

## నాపరాయి, గ్రానైట్, పేవర్, గచ్చు: దేని గుణం దానిదే

మన దగ్గర పరుపు రాళ్లలో ఎక్కువగా వాడేవి సున్నపురాయి జాతివి, నాపరాళ్లనేది వీటినే. వికారాబాద్ జిల్లా తాండూరు, కర్ణాటక కలబురగి జిల్లా షాబాద్ రాళ్లు ఒకే భీమా పరీవాహక శిలల నుంచి వస్తాయి. హైదరాబాద్ పాత ఇళ్లలో ‘షాబాద్ బండలు’ అంటే ఇవే. నంద్యాల జిల్లా బేతంచెర్ల రాళ్లు, వంటింటి గట్లకూ అలమర అరలకూ వాడే కడప నల్లరాయి అటు కడప శిలల తాలూకు సున్నపురాళ్లు. వీటిలో చాలావాటికి పొరలు పొరలుగా చీలే గుణం ఉంది. క్వారీలో ఉలితోనే పలకలుగా విడదీయొచ్చు. చవకగా దొరకడానికి అదొక కారణం.

ఆ గుణమే ఇంకోవైపు ఖర్చు పెంచుతుంది. చేత్తో చీల్చిన పలకల మందం సమానంగా ఉండదు. ఒకటి అంగుళం, పక్కది అంగుళంన్నర. పైమట్టం కలవాలంటే ఆ తేడా మాలుతోనే పూడ్చాలి. 300 అడుగుల మీద సగటున అర అంగుళం మాలు పెరిగితే 12.5 ఘనపుటడుగులు, అంటే రెండు బస్తాల సిమెంటు, 14 ఘనపుటడుగుల ఇసుక. మిషన్ కట్ రాయి నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పినప్పుడు ఇది గుర్తుంటే పోలిక సరిగ్గా కుదురుతుంది.

కొలత దగ్గర కూడా ఒక మెలిక ఉంది. రెండడుగుల పలక అని అమ్మేది నిజానికి 23 అంగుళాలే ఉంటే, రెండు వైపులా ఒక్కో అంగుళం తగ్గి విస్తీర్ణం 8 శాతం పోతుంది. రేటు నలభై అన్నది నలభై మూడున్నర అయినట్టు. డిపోలో అనుభవమున్నవాళ్లు టేపుతో పాటు సుత్తి పిడి కూడా వాడతారు. పలకను నిలబెట్టి తడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పొర విడిపోయి ఉంటుంది, వాహనం ఎక్కినా పొయ్యి కట్టెలు కొట్టినా పైపొర లేచిపోతుంది.

సున్నపురాయికి బద్ధశత్రువు పులుపు, యాసిడ్. నిమ్మరసం చుక్క వేస్తే నురుగు పొంగుతుంది, కాసేపటికి అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. పెరట్లో చింతపండు పిసికి గిన్నెలు తోమే ఇళ్లలో ఈ మచ్చలు మామూలే. అంతకంటే పెద్ద నష్టం పని ముగిసిన రోజే జరుగుతుంటుంది: రాళ్ల మీద పడ్డ సిమెంటు మరకలు పోవడానికి పనివాళ్లు బాత్రూమ్ యాసిడ్ పోసి చీపురుతో రుద్దుతారు. సిమెంటు మరకతో పాటు రాయి పైపొరా కరుగుతుంది. నీలం రాయి అప్పటికప్పుడు తెల్లబోయినట్టు అయిపోతుంది. మాలు ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే ఈ అవసరమే రాదు.

గ్రానైట్‌కు ఈ గొడవ లేదు. అందులోని క్వార్ట్‌జ్ కాఠిన్యం 7, సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3. చెప్పులకంటుకున్న ఇసుక రేణువులు నాపరాయి పాలిష్‌ను ఏడాదిలో మాపేస్తాయి, గ్రానైట్‌ను ఏమీ చేయలేవు. అయితే ఇంట్లో వేసే అద్దం పాలిష్ పెరట్లో తడిస్తే కాలు నిలవదు. బయటికి మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ రకం వాడతారు. చీమకుర్తి నల్ల గ్రానైట్ ఎంత అందమో మే నెల మధ్యాహ్నం అంత మంట, చెప్పుల్లేకుండా దాటలేరు. లేత బూడిద రంగు మేలు.

ధర సంగతికొస్తే, ఫ్లేమ్డ్ గ్రానైట్ అడుగు రూ.120 అనుకుని ఇదే పెరటికి లెక్క కడితే రాయి రూ.37,800, బాడుగ రూ.4,000, సిమెంటు, ఇసుక రూ.4,800, పరిచే కూలీ రూ.15,000. కింది పొరలతో కలిపి రూ.94,250, అడుగు రూ.314. రాయి ధర మూడు రెట్లయినా మొత్తం ఖర్చు ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. కింద పోసే డబ్బు రెండింటికీ ఒకటే కావడమే కారణం. పది పదిహేనేళ్లు తిరిగి చూడకూడదనుకునేవాళ్లు ‘ఎలాగూ కింద అంత పెడుతున్నాం’ అని గ్రానైట్ వైపు మొగ్గడంలో తర్కముంది. అద్దెకిచ్చే ఇంటికైతే ఆ తర్కం అంత గట్టిగా నిలబడదు.

పార్కింగ్ టైల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సరుకే. కొలతలు కచ్చితం, పని వేగం, అడుగు రూ.50 వేసుకుంటే మొత్తం రూ.62 వేల చిల్లర, అంటే నాపరాయితో సమానం. వీటి బలహీనత ఒక్కటే: టైలు కింద మాలు ఎక్కడైనా బోలుగా ఉంటే అక్కడ బరువు పడగానే పగులుతుంది. నాలుగేళ్ల తర్వాత అదే డిజైన్ దొరకదు. కాబట్టి పది టైల్స్ మిగుల్చుకుని అటక మీద పెట్టుకున్నవాళ్లే తెలివైనవాళ్లు.

పేవర్ బ్లాకుల పద్ధతే వేరు. వీటికి పీసీసీ అక్కర్లేదు, మాలు అక్కర్లేదు. గట్టి చేసిన గ్రావెల్ మీద అంగుళంన్నర రాతిపొడి, దాని మీద బ్లాకులు, సందుల్లో సన్న ఇసుక, పైన వైబ్రేటర్. ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి కాబట్టి అంచుల్లో గట్టి కట్టు లేకపోతే చివరి వరస నుంచి జారడం మొదలవుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం మనుషులు మాత్రమే తిరిగే చోటికి 50 మిల్లీమీటర్ల మందం, ఎం-30 గ్రేడ్ (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె). తేలికపాటి వాహనాలు వచ్చే చోటికి 60 మిల్లీమీటర్లు, ఎం-35. కొటేషన్‌లో ‘పేవర్లు’ అని మాత్రమే రాసి ఉంటే ఏది వస్తుందో ఎవరికీ తెలియదు. 60 మిల్లీమీటర్ల బ్లాకు అడుగు రూ.55, అంచు కట్టు, రాతిపొడి, బాడుగ, వైబ్రేటర్ అద్దె, కూలీ అన్నీ కలిపి మన పెరటికి రూ.54,600 వస్తుంది. అడుగు రూ.182.

అన్నిటికంటే చవక గచ్చే. గ్రావెల్ మీద 4 అంగుళాల కాంక్రీటు, పాళ్లు 1:2:4. సిమెంటు 18 బస్తాలు, ఇసుక 44, కంకర 88 ఘనపుటడుగులు. నున్నగా రుద్దే కూలీతో సహా మొత్తం రూ.41,810, అడుగు రూ.139. పగులుతుందన్నది దీని మీదున్న ప్రధాన ఫిర్యాదు. నిజమే, కాంక్రీటు ఆరేటప్పుడు కుదించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ఆ చోటేదో మనమే నిర్ణయించడానికి కోత గీతలు పెడతారు. 15×20 అడుగుల గచ్చును ఏడున్నర, పది అడుగుల చొప్పున నాలుగు గళ్లుగా విడగొడితే పగులు ఆ గీతలోనే వచ్చి కనపడకుండా ఉంటుంది. వారం రోజులు తడి ఆరనీయకపోవడం కూడా అంతే ముఖ్యం. ఈ రెండూ చేసిన గచ్చు నాసిగా వేసిన నాపరాళ్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, చూపుకు ఆ దర్జా రాదంతే.

## నల్లరేగడి మీద ఇల్లుంటే లెక్క మారుతుంది

‘నేల గట్టిగానే ఉంది, పీసీసీ దండగ’ అనే మేస్త్రీ మాటను కొట్టిపారేయలేం. ఎర్రమట్టి, మొరం నేలల్లో, మనుషులు మాత్రమే తిరిగే పెరట్లో ఆయన మాట నిజం కావచ్చు. అక్కడ పీసీసీ మానేస్తే అడుగుకు రూ.38 మిగులుతుంది. ఇంజనీర్లు ‘తప్పదు’ అనేది ఎక్కడో ఒక మూల పూడ్చిన మట్టి ఉంటుందన్న అనుమానంతో. పునాది తవ్వినప్పటి మట్టిని తిరిగి పెరట్లోనే పోసి చదును చేయడం మన ఇళ్లలో రివాజు. అలాంటి చోట నేల రెండు మూడు వానాకాలాల పాటు దిగుతూనే ఉంటుంది.

నల్లరేగడిది ఇంకో కథ. ఆ మట్టిలోని బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగే నేల మీద మూడంగుళాల పీసీసీ వేసినా అదీ నేలతో పాటే లేచి పగులుతుంది. అక్కడ డబ్బు పీసీసీలో పెట్టడం కంటే ఇంకాస్త లోతు తవ్వి నల్లమట్టి తీసేసి గ్రావెల్ మందం పెంచడంలో పెట్టడం మేలు. చప్టాను ఇంటి గోడకు అతికించకుండా అర అంగుళం సందు వదిలి మెత్తని సీలెంట్‌తో నింపితే చప్టా కదిలినా గోడను లాగదు. పేవర్లకు ఇక్కడ మొగ్గుంది: లేస్తే తీసి, రాతిపొడి సరిచేసి, అవే బ్లాకులు తిరిగి పేర్చొచ్చు. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన వాళ్లు ప్యాటియో (పెరటి చప్టా) పగుళ్ల గురించి మొత్తుకోవడం వెనకా ఇలాంటి ఉబ్బే నల్లమట్టే ఉంది. టెక్సాస్ బ్లాక్‌ల్యాండ్ నేలలు, మన రేగడి ఒకే కోవవి.

## ఒక్క వానకు ఆరు వేల లీటర్లు

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన పెరడు దాదాపు 27.9 చదరపు మీటర్లు. గంటన్నరలో 50 మిల్లీమీటర్లు కురిసిన సాయంత్రం పెరటి మీద పడేది 1,390 లీటర్ల పైచిలుకు. అంతవరకు పర్వాలేదు. కానీ వెయ్యి అడుగుల స్లాబు నీళ్లు కూడా పైపుల్లోంచి పెరట్లోకే దిగితే ఇంకో 4,600 లీటర్లు తోడవుతాయి. మొత్తం ఆరు వేలు, ఒక ట్యాంకరుకు మించి.

ఇంతకాలం ఇందులో కొంత మట్టిలోకి ఇంకింది. చప్టా పడ్డాక మొత్తం ఎటో ఒకవైపు పారాలి. దానికే వాటం. 80 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు పెడితే మన 15 అడుగుల వెడల్పులో గోడ దగ్గరికీ ప్రహరీ దగ్గరికీ రెండుంపావు అంగుళాల తేడా ఉండాలి. చూడ్డానికి నేల సమంగానే అనిపిస్తుంది, నీళ్లు మాత్రం నిలవవు. గరుకు రాయికి ఇంకొంచెం ఎక్కువ వాలు అవసరం. వాటం ఈశాన్యానికే ఉండాలని ఇంటివాళ్లూ, మోరీ నైరుతిలో ఉందని మేస్త్రీ పేచీ పడే సందర్భాలు మనకు కొత్త కాదు. నేల ఈశాన్యానికి వాల్చి, అక్కడ ఒక చాంబర్ కట్టి, నేల కింద పైపుతో మోరీకి కలపడం చాలాచోట్ల కుదిరే రాజీ. పైపుకూ వాలు కావాలి కాబట్టి మోరీ అంత లోతుందో లేదో ముందు కొలవాలి.

ఇంకుడు గుంత ఉందిగా అంటారా? నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతున్న గుంతలో ఖాళీగా ఉంటే 2,700 లీటర్లు పడతాయి. రాళ్లు, కంకర నింపాక సందుల్లో మిగిలే చోటు దాదాపు 40 శాతం, అంటే 1,100 లీటర్ల లోపు. నేల పీల్చుకునే వేగాన్ని బట్టి ఇంకాస్త. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వాన నీటిని ఇంకించడం మీద పట్టు పట్టింది, సబబే. అయితే గుంత ఒక్కటే పెద్ద వానను మోయదు, నిండాక పొర్లే నీళ్లకు దారి ఉండాల్సిందే.

## నేల పీల్చుకోవాలా, పీల్చుకోకూడదా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి. నీళ్లు ఇంకే పెరడు కావాలనేవాళ్లు పేవర్లు, గడ్డి సందులున్న రాళ్లు, కంకర పరుపు అంటారు. బోరులో నీళ్లు పడిపోతున్న కాలనీల్లో వాళ్ల మాటకు బరువుంది, చెట్ల వేళ్లకూ గాలి ఆడుతుంది. ఇంటి చుట్టూ చుక్క దిగకుండా మూసేయాలనేవాళ్లు పునాది గురించి భయపడతారు. ముఖ్యంగా నల్లరేగడిలో పునాది పక్క మట్టి ఒకసారి తడిసి ఒకసారి ఎండితే గోడలు బీటలిస్తాయి. అందుకే గోడ వెంట ప్లింత్ ప్రొటెక్షన్ పేరుతో సిమెంటు పట్టీ వేస్తారు.

రెండు వాదనలూ రెండు వేర్వేరు చోట్లకు వర్తిస్తాయి. గోడ నుంచి మూడడుగుల దాకా నీళ్లు దిగని పట్టీ, బయటికి వాలుతో. ఆ అవతల ఇంకే పేవర్లో మట్టో. అయితే ఇంకే నేలకూ ఇబ్బందులున్నాయి. పేవర్ల సందుల్లో తుంగ మొలుస్తుంది, చీమలు ఇసుక తోడి కుప్పలు పోస్తాయి, ఎండ తగలని వైపు పాచి పడుతుంది. ఏడాదికోసారి ఇసుక నింపే ఓపిక లేని ఇంటికి ఇవి నప్పవు. కొబ్బరి చెట్టున్న చోట మాత్రం మొదలు చుట్టూ మూడడుగులైనా మట్టి వదలాల్సిందే, ఏ రాయి వేసినా సరే.

ఈ చోట ఇంకో ప్రశ్న వస్తుంటుంది, చప్టాకు మున్సిపాలిటీ అనుమతి కావాలా అని. వెనక వదిలిన ఖాళీ నిబంధనల ప్రకారం ఆకాశానికి తెరిచి ఉండాల్సిన సెట్‌బ్యాక్. నేల మీద రాళ్లు పరిస్తే అది తెరిచే ఉంటుంది. పేచీ వచ్చేది తర్వాత దాని మీద రేకుల షెడ్డు వేసినప్పుడు.

## రెండు కొటేషన్లు పక్కపక్కన

‘అన్నీ కలిపి అడుగు 150, రూ.45,000’ అని ఒకాయన ఇచ్చాడనుకుందాం. ఇంకొకాయన విడివిడిగా రాసి రూ.64,000 అన్నాడు. మొదటిది చవక అనిపిస్తుంది. మన లెక్కలోంచి తవ్వకం (9,000), చాంబర్లు, పైపు (6,000) తీసేసి, గ్రావెల్‌ను ‘ఉన్న నేలే సరిపోతుంది’ అని వదిలేస్తే (6,250) మిగిలేది రూ.43,020. అంటే మొదటి ఆయన చౌకగా చేయడం లేదు, పని తగ్గించి పైన రెండు వేలు వేసుకున్నాడంతే. అది మోసం కావాలని లేదు. నేల నిజంగా గట్టిదై, గడప ఎత్తుగా ఉండి, పైపు ముందే ఉంటే ఆ 45 వేలు సరైన ధరే. ‘అన్నీ’ అనే మాటలో ఏవి ఉన్నాయో రాయించుకోవడంతోనే సగం గొడవ తీరిపోతుంది. విడివిడిగా రాసిన కాగితంలో చూడదగ్గవి గ్రావెల్ ఎన్ని అంగుళాలు, పీసీసీ ఏ పాళ్లు, కొలత పరిచిన నేలకా కొన్న రాయికా అన్నవి. ఆ పైన పదో వంతు చేతిలో ఉంచుకుంటారు. తవ్వినప్పుడు పాత సెప్టిక్ పైపు పగిలి బయటపడటం లాంటివి ఏ కొటేషన్‌లోనూ ఉండవు.

## సగం డబ్బే ఉంటే

అప్పుడు చాలామంది పొరలు తగ్గిస్తారు, పూర్తి పెరటికి పల్చగా వేయిస్తారు. రెండేళ్లలో అది లేచిపోయి మొత్తం డబ్బు మళ్లీ పెట్టాల్సి వస్తుంది. విస్తీర్ణం తగ్గించడం ఇంకో దారి. అదే పెరటిని అలా లెక్కిస్తే: గోడ వెంట 20 అడుగుల పొడవు, 3 అడుగుల పట్టీని, అంటే 60 చదరపు అడుగులను, పైపు ఖర్చు విడిగా ఉంచి అడుగు రూ.194 చొప్పున నాపరాళ్లతో పూర్తి చేస్తే రూ.11,640. పైపులు, చాంబర్లు ఇప్పుడే, రూ.6,000. మిగిలిన 240 అడుగుల్లో తవ్వకం రూ.7,200, గ్రావెల్ రూ.5,000. దాని మీద బండలకు బదులు మూడంగుళాల మందం 20 ఎంఎం కంకర, 60 ఘనపుటడుగులు, రూ.2,400. కూడితే రూ.32,240. పూర్తి ఖర్చులో దాదాపు సగం. చిన్న పనికి మేస్త్రీ అడుగు లెక్కన ఒప్పుకోక రోజు కూలీ అడగొచ్చు, అక్కడ రెండు మూడు వేలు అటూ ఇటూ అవుతుంది.

కంకర మీద కుర్చీ సరిగా నిలవదు, పసిపిల్లలు ఉత్త కాళ్లతో నడవలేరు. కానీ బురద ఉండదు, నీళ్లు ఇంకుతాయి, గ్రావెల్ రెండు వానాకాలాలకు ఇంకా గట్టిపడుతుంది. డబ్బు చేతికొచ్చినప్పుడు ఆ కంకర పారేసేది కాదు. మిగిలిన 240 అడుగుల పీసీసీకి కావలసింది 57 ఘనపుటడుగులు, నేల మీద ఉన్నది 60. పైకెత్తి, కడిగి, సిమెంటులో కలిపి అక్కడే పోసేయొచ్చు.